ఒక్క పూస తక్కువ

తొమ్మిదో శంఖం మోగగానే నల్లబండ మీది పూసల కుప్ప పాలపొంగులా లేచి రెట్టింపయింది. బానిసల వరుసలో ఖాళీ గంప పట్టుకుని నిలబడ్డ కేసన లోలోపలే లెక్కవేసుకున్నాడు. అయిదు వందల పన్నెండు. ఇంకా నాలుగు శంఖాలున్నాయి. ఆ నాలుగూ మోగేలోపల అతడు ఒక సంగతి తేల్చుకోవాలి. తేలకపోతే ఎదురుగా కనిపిస్తున్న కంకణపురి పొద్దుగుంకే వేళకు మట్టిదిబ్బ అయిపోతుంది. నగర గుమ్మానికి గొలుసులతో కట్టివేసిన అతని తండ్రి అందరికంటే ముందు భూతాల కాళ్ళ కింద పడతాడు.

ఆ నల్లబండ గురించి చెప్పకపోతే మీరు ఊరుకోరు, చెబుతూ కూర్చుంటే కేసనకు ఆలస్యం. అయినా రెండు ముక్కలు చెబుతాను. కంకణపురి ఎదుట మైదానంలో ఏనుగు పడుకున్నట్టుండే ఒంటి బండ అది. దాని నెత్తిన పులితోలు పందిరి, పందిరికి నాలుగు పక్కలా రాగి దీపస్తంభాలు, నడుమ నెమలికంఠం రంగు పట్టుచీర పరిచిన పీట. ఆ పీట మీద మాంత్రికుడు ఘటజిహ్వుడు. జడలు మోకాళ్ళ దాకా, కళ్ళకు కాటుక చెవుల దాకా. ముంజేతులకు పాముచర్మం కడియాలు. వాడు శంఖం ఊదినప్పుడు మెడ నరాలు తాళ్ళలా ఉబ్బుతాయి. మధ్యాహ్నపు ఎండలో పూసలు ఎర్రగా, పచ్చగా, ఊదాగా మెరుస్తుంటే, అవి ఎందుకో తెలియనివాడు చూసి మురిసిపోతాడు.

తెలిసినవాడికి మాత్రం వణుకు పుడుతుంది. ఘటజిహ్వుడు ఒక్క పూసతో మొదలుపెడతాడు. శంఖం ఊదిన ప్రతిసారీ కుప్ప రెట్టింపవుతుంది. ఆఖరి శంఖం తరువాత పూసలను బండ మీదినుంచి మట్టిలోకి కుమ్మరిస్తే ఒక్కొక్క పూసా ఒక్కొక్క భూతమై లేస్తుంది. పూస పట్టుకున్న మనిషి కాలు మట్టికి తగిలినా అంతే, ఆ మనిషే భూతమైపోతాడు. లేచిన భూతాన్ని చంపడం ఎవరి వల్లా కాదు, మాంత్రికుడి వల్ల కూడా కాదు. సూర్యుడు గద్దముక్కు కొండను తాకినప్పుడు మాత్రం అవన్నీ తిరిగి పూసలై రాలిపోతాయి.

ఇంత బలమున్న భూతాలకు ఒక శాపం ఉంది. సమానమైన వరుసల్లో నిలబడితే తప్ప అవి దండెత్తలేవు. ఒక్కడు ఎక్కువైనా, ఒక్కడు తక్కువైనా మళ్ళీ మొదటినుంచి వరుసలు కట్టాలి. అంతా కలిసి ఒకే వరుసలో నిలబడతామన్నా, వరుసకొక్కరే నిలబడతామన్నా కుదరదు. వరుసలు కుదిరేదాకా చెయ్యెత్తి ఈగను కూడా తోలుకోలేవు.

అందుకే కంకణపురి పూసలవాళ్ళు తాతల కాలంనుంచి ఒక ఉపాయం పట్టుకున్నారు. ఎన్నేసి చొప్పున పంచినా సమంగా తెగని సంఖ్యను వాళ్ళు మొండి సంఖ్య అంటారు. ఘటజిహ్వుడి మంత్రం పలికేది కూడా మొండి సంఖ్యలకే. మూడు శంఖాలో, అయిదో, ఏడో ఊదాలి. నాలుగుకూ ఆరుకూ పలకదు. ఆఖరి శంఖం తరువాత కుప్పలోంచి ఒక్క పూస దొంగిలిస్తే మిగిలేది కూడా మొండి సంఖ్యే అని పెద్దల మాట. మూడు శంఖాలకు ఏడు, అయిదుకు ముప్పై ఒకటి, ఏడుకు నూట ఇరవై ఏడు. మూడుసార్లూ భూతాలు పొద్దుగుంకేదాకా వరుసలు కట్టలేక ఏడ్చి రాలిపోయాయి.

నాలుగోసారి, పోయిన ఏడాది, కాకిబండ కోట దగ్గర ఘటజిహ్వుడు పదకొండు శంఖాలు ఊదాడు. పూసలవాళ్ళ తరఫున కేసన తండ్రి లింగన వెళ్ళి ఒక్క పూస తెచ్చాడు. రెండువేల నలభై ఏడు మిగిలింది. ఊరంతా నిశ్చింతగా కూర్చుంది. జాము గడవకముందే భూతాలు చక్కగా వరుసలు కట్టి కోటను తొక్కేశాయి. "లింగన లెక్క తప్పాడు, రెండు పూసలు తెచ్చాడో, అసలు తేనేలేదో!" అన్నారు జనం. కంకణపురి రాజు మేఘాంకుడు విచారణ కూడా చెయ్యలేదు. మళ్ళీ భూతాలొస్తే మొదట చచ్చేవాడు ఇతడే కావాలని లింగనను నగర గుమ్మానికి కట్టించాడు.

పదో శంఖం మోగింది. పదకొండోదీ మోగింది.

"ఏం అబ్బీ, అట్లా చెమటలు కారుతున్నాయి? ఎండదెబ్బా?" అంది పక్కనున్న ఓబులమ్మ. కాకిబండ కోటలో పట్టుబడిన బానిస ఆమె. గంపకు రెండో చెవి పట్టుకునేది ఆమే. ముఖానికి మసి పూసుకుని, కనుబొమలు గొరిగించుకుని ఈ గుంపులో చేరిన కేసన ఎవరో ఆమెకు తెలియదు.

"ఏంలేదు పెద్దమ్మా. కాస్త తల తిరుగుతోంది."

"తిరగనీ. ఆ లెక్కలోడు లింగన పుణ్యమా అని మా ఇంటాయన తల కాకిబండలోనే తెగిపడింది. నీకు తిరగడమేగా!"

 కేసన చెవిలో మాత్రం తండ్రి గొంతు వినిపిస్తూనే ఉంది. ఈ వేషంలో బయలుదేరే ముందు గుమ్మం దగ్గర అంబలి తాగిస్తుంటే లింగన గొంతు తగ్గించి చెప్పిన మాటలవి.

"నేను ఒక్కటే తీశాను రా. లెక్క తప్పలేదు. పెద్దల మాటే తప్పింది. రెండువేల నలభై ఏడు మొండిది కాదు. ఇరవై మూడేసి మంది నిలబడితే ఎనభై తొమ్మిది వరుసలు వచ్చాయి. ఎవరూ అన్నన్ని చొప్పున పంచి చూడలేదు, నేనూ చూడలేదు. ఈ ఏడాదంతా గొలుసుల్లో కూర్చుని ఒకటి కనిపెట్టాను. ఇరవై మూడులోంచి ఇరవై రెండు తీస్తే ఒకటి మిగులుతుంది. ఎనభై తొమ్మిదిలోంచి ఇరవై రెండేసి తీసుకుంటూ పోయినా ఒకటే మిగులుతుంది. పదకొండుకు రెట్టింపు ఇరవై రెండు కదా! శంఖాలు ఎన్నో దానికి రెట్టింపు చెయ్యి. ఆ చొప్పున తీస్తే ఒకటి మిగిలే సంఖ్యలకే ఆ కుప్ప లొంగుతుంది. వేరే దేనికీ లొంగదు. ఈసారి వాడు పదమూడు ఊదుతాడంటున్నారు. ఇరవై ఆరు పట్టుకో. చూసుకుని మరీ తియ్యి. నాలాగా గుడ్డిగా తియ్యకు."

పదమూడు శంఖాలకు ఎనిమిది వేల నూట తొంభై రెండు. ఒకటి తీస్తే ఎనిమిది వేల నూట తొంభై ఒకటి. అది లొంగితే ఇరవై ఏడుకు లొంగాలి, లేదా యాభై మూడుకు, లేదా డెబ్బై తొమ్మిదికి. అంతకు మించి వెళ్ళనక్కరలేదు. తొంభై ఒకటేసి మంది తొంభై ఒక్క వరుసలు కడితేనే మొత్తం దాటిపోతుంది కాబట్టి, పెద్ద సంఖ్య ఏదైనా తొంభై లోపల జోడు లేకుండా పనికిరాదు. ఇరవై ఏడు సంగతి తేలిక. దానికి లొంగేది మూడుకూ లొంగాలి, మూడు ఆ జాబితాలోనే లేదు. ఇక రెండే రెండు మిగిలాయి.

యాభై మూడు. నూటయాభై వరుసలకు ఏడువేల తొమ్మిది వందల యాభై. ఇంకో నాలుగు వరుసలకు రెండు వందల పన్నెండు. కలిపితే ఎనిమిది వేల నూట అరవై రెండు. ఇరవై తొమ్మిది మిగిలింది. లొంగలేదు! కేసనకు సగం ప్రాణం లేచొచ్చింది. ఇక డెబ్బై తొమ్మిది ఒక్కటే. డెబ్బై తొమ్మిదిని...

"గంపలెత్తండిరా!"

పన్నెండో శంఖం ఎప్పుడు మోగిందో, పదమూడోది ఎప్పుడు మోగిందో అతడు గమనించనే లేదు. కొండంత కుప్ప ఎదుట పెరిగి ఉంది. కొరడాలు ఆడుతున్నాయి. తవ్వలతో పూసలు గంపల్లో పడుతుంటే చెవులు గళ్ళుపడేలా మోత. ఒక పూస పక్కన మరో పూస ఉంటే అవి మోగుతాయి, అది వాటి గుణం. ఒక్క పూస ఒంటరిగా ఉంటేనే మౌనం. అందుకే దొంగిలిస్తే ఒక్కటే దొంగిలించాలి.

 డెబ్బై తొమ్మిది చూడనేలేదు. చూడకుండా తియ్యవద్దని నాయన మరీ మరీ చెప్పాడు. కానీ ఇప్పుడు తియ్యకపోతే మరి తియ్యడమే లేదు. ఎనిమిది వేల నూట తొంభై రెండు అలాగే పోతే రెండు వరుసల్లోనే నిలబడి నగరం మీద పడతాయి. ఇద్దరూ గంపను బండ అంచుకు మోశారు. కుమ్మరించే క్షణంలో కేసన ముఖం గంపలోకి వంచాడు. పూసలు గుచ్చేవాళ్ళు దారం ఎక్కించేటప్పుడు పూసను పెదవులతో అందుకుని బుగ్గన పెట్టుకుంటారు, పుట్టినప్పటినుంచీ వచ్చే అలవాటది. రెప్పపాటులో ఒక నీలం పూస అతడి ఎడమ బుగ్గలోకి పోయింది. ఓబులమ్మ చూసింది. కళ్ళు పెద్దవి చేసింది, కానీ నోరు విప్పలేదు.

పూసలు మట్టిని తాకాయి. అబ్బబ్బ, ఏం లేవడం అది! రెండు నిలువుల ఎత్తు, బానల్లాంటి తలలు, కాలిన కుండల రంగు ఒళ్ళు. చూస్తుండగానే మైదానం నిండిపోయింది. భూతాల నాయకుడు వరుసపోతు బండ మీద నిలబడి తప్పెట మోగించాడు. వాడు కూడా పూసలోంచి పుట్టినవాడే గాని, చాలా పాతవాడు. నాయకుడు కాబట్టి వరుసలో నిలబడడు, ఆ శాపమూ వాడికి అంటదు.

"రెండు వరుసలు!" అని అరిచాడు వరుసపోతు. దడదడలాడుతూ భూతాలు కదిలాయి. ఒకడు మిగిలాడు.

"మూడేసి!" ఒకడు మిగిలాడు. "అయిదేసి!" ఒకడే. "ఏడేసి!" మళ్ళీ ఒకడే. పదకొండుకు ఏడుగురు మిగిలారు. పదమూడుకు మళ్ళీ ఆ ఒక్కడే. మిగిలిన ఆ ఒంటి భూతం ప్రతిసారీ నేనేం పాపం చేశానని బొబ్బలు పెడుతుంటే మిగతావి విసుక్కున్నాయి. వేరొకచోటైతే నవ్వొచ్చేదే. కేసనకు మాత్రం ఒక్కొక్క తప్పెట దెబ్బా గుండె మీదే పడుతోంది. ఇరవై మూడు దాటింది. నలభై దాటింది. ఎండ వాలింది. యాభై మూడు దగ్గర ఇరవై తొమ్మిది మంది మిగిలారు, అతడి లెక్క ప్రకారమే. వరుసపోతు అరవైల్లోకి వెళ్ళాడు.

ఘటజిహ్వుడు పీట దిగి వచ్చాడు. వాడి ముఖం జేవురించింది.

"దొంగ ఇక్కడే ఉన్నాడు! ఒక పూస పోయింది. కాకిబండలో కూడా ఇట్లాగే ఒక్కటి ఎత్తుకుపోయారు. వాడు తెలివైనవాడే, లెక్క కూడా తప్పలేదు, సరిగ్గా ఒక్కటే తీశాడు! అయినా ఇరవై మూడేసి నిలబడ్డారు కదరా నా బిడ్డలు! ఈసారి ఏమొచ్చింది మీకు?"

గంప పక్కన ఓబులమ్మ బొమ్మలా నిలబడిపోయింది. "లెక్క తప్పలేదా?" అంది ఎవరితోనో అన్నట్టు. "తప్పలేదా ఆయన? ఏడాదిగా శాపనార్థాలు పెట్టానే తల్లీ!" కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. బుగ్గ ఉబ్బి ఉన్న కేసన ముఖంలోకి తేరిపార చూసింది. "అబ్బీ, నువ్వు ఎవరి బిడ్డవురా?"

కేసన తల దించుకున్నాడు. అదే జవాబని ఆమెకు అర్థమైంది.

"డెబ్బై తొమ్మిదేసి!" అని వరుసపోతు అరిచాడు.

కేసన చూపు మైదానం మీద అతుక్కుపోయింది. వంద వరుసలకు ఏడువేల తొమ్మిది వందలు. మిగిలింది రెండు వందల తొంభై ఒకటి. భూతాలు బండ అడుగునుంచి నగర గుమ్మం వైపు వరుస తరువాత వరుసగా నిండుతున్నాయి. నూట ఒకటి, నూట రెండు, నూట మూడు. ఇంకా ఎంత? రెండు వందల తొంభై ఒకటిలోంచి రెండు వందల ముప్పై ఏడు పోతే... యాభై నాలుగు! నూట నాలుగో వరుస ఎడమ కొసనుంచి కట్టుకుంటూ వచ్చి యాభై నాలుగు దగ్గర ఆగిపోయింది. ఇరవై ఐదు చోట్లు ఖాళీ.

అయిపోయింది. ఇక ఏ సంఖ్యా దీన్ని కోయలేదు. ఇది మొండి సంఖ్య, నిఖార్సయిన మొండి సంఖ్య.  ఇప్పుడు చెయ్యవలసిందల్లా సూర్యుడు గద్దముక్కును తాకేదాకా ఈ పూసను కాపాడుకోవడమే. సూర్యుడికీ కొండకూ మధ్య ఇంకా బారెడు ఆకాశం ఉంది.

"తప్పెట ఇట్లా ఇవ్వు," అన్నాడు ఘటజిహ్వుడు. "వరుసలు నేను కట్టిస్తాను. నువ్వు బానిసల పక్కన నడు. పూస ఉన్నవాడి దగ్గరకు నువ్వు వెళితే అది మోగుతుంది."

వరుసపోతు మొదటి బానిస ముందు ఆగాడు. మౌనం. రెండోవాడు, మూడోవాడు, మౌనమే. కేసన వెనక్కి ఒక అడుగు వేశాడు. వెనుక బండ అంచు, దాని కింద మట్టి. దిగాడా, తానే ఎనిమిది వేల నూట తొంభై రెండో భూతం. అప్పుడు లెక్క కుదురుతుంది. అప్పుడు మొదట తొక్కేది నాయననే.

వరుసపోతు ఎదుటికి వచ్చాడు. కేసన బుగ్గలో పూస కణకణమని గజ్జెలా మోగింది.

"వీడే!" అని వరుసపోతు చెయ్యి చాపేలోపల ఓబులమ్మ ఖాళీ గంపను వాడి తల మీద బోర్లించి చేతికి వేలాడింది. "పో కొడకా! పోయి మీ నాయనకు చెప్పు, ఓబులమ్మ కాళ్ళు మొక్కిందని చెప్పు!"

కేసన బండ అంచునుంచి దూకాడు. మట్టిలోకి కాదు, మొదటి వరుసలోని భూతం భుజం మీదికి. వరుసలు కుదరని భూతాలు చెయ్యెత్తలేవు కదా! భుజం నుంచి తలకు, తల నుంచి తరువాతి వరుస భుజానికి. కింద భూతాలు పళ్ళు కొరుకుతున్నాయి, ఉమ్ముతున్నాయి, అంతకు మించి ఏమీ చెయ్యలేకపోతున్నాయి. పది వరుసలు, ముప్పై వరుసలు. ఒకచోట నూనె రాసుకున్న గుండు మీద కాలు జారి చెవి పట్టుకుని వేలాడాడు. బొటనవేలు మట్టికి జానెడు దూరంలో ఆగింది. ఎలా పైకి ఎగబాకాడో అతడికే తెలియదు. అరవై, తొంభై. గుమ్మం దగ్గర గొలుసులతో నిలబడ్డ మనిషి కనిపించాడు. నూట రెండు, నూట మూడు.

అక్కడితో వరుసలు అయిపోయాయి.

నూట నాలుగో వరుసలో భూతాలున్నది ఎడమ పక్కన. గుమ్మం ఎదుట ఉన్నవి ఆ ఇరవై ఐదు ఖాళీ చోట్లే. నగరాన్ని కాపాడిన ఆ ఖాళీయే ఇప్పుడు కేసనకూ గుమ్మపు రాతిపలకకూ మధ్య పన్నెండు మూరల పచ్చి మట్టి.

"కేసనా!" లింగన గొలుసులు గలగలలాడాయి. "డెబ్బై తొమ్మిదికి ఎంత మిగిలిందిరా?"

నోట్లో పూస ఉంది. కేసన అయిదు వేళ్ళు చూపించాడు, తరువాత నాలుగు.

లింగన ముఖం చేటంతయింది. "యాభై నాలుగు! విన్నారట్రా? లొంగలేదు! ఇక దేనికీ లొంగదు!" అని గోడ మీది కాపలావాళ్ళకు వినిపించేలా కేకవేశాడు. వెంటనే గొంతు మారింది. "మాంత్రికుడు తప్పెట మారుస్తున్నాడు. ఎనభై మూడేసి కట్టిస్తాడు. వరుసలు వెడల్పయితే లోతు తగ్గుతుంది, నీ కింద ఉన్నవాడు వెనక్కి పోతాడు. మూడు దెబ్బలకు ఒక అడుగు వేస్తారు వీళ్ళు. రెండో దెబ్బకు మడమలెత్తుతారు. ఆ ఎత్తు మీద దూకాలి. ముందు దూకినా చాలదు, తరువాత దూకినా చాలదు. దెబ్బలు నేను లెక్కపెడతాను, సరేనా?"

"ఒరేయ్ అబ్బాయ్!" గోడ మీదినుంచి కాపలా దళపతి అరిచాడు. "వాడి లెక్క నమ్మకు! ఆ లెక్కే మమ్మల్ని ముంచింది!"

వెనుక వరుసపోతు భూతాల తలలు తొక్కుకుంటూ వస్తున్నాడు. బుగ్గలో పూస అంతకంతకూ గట్టిగా మోగుతోంది. నల్లబండ మీద తప్పెట లేచింది.

"ఒకటి!" అన్నాడు లింగన, గొలుసు సాగినంత మేర రెండు చేతులూ ముందుకు చాపి.

భూతం భుజం కేసన పాదాల కింద బిగుసుకుంది. పైన దళపతి ఇంకా వద్దు వద్దని అరుస్తూనే ఉన్నాడు. కేసన అతడి వైపు చూడలేదు, తప్పెట కూడా వినలేదు. తండ్రి పెదవులనే చూస్తూ మోకాళ్ళు వంచాడు.

"రెండు!"

దూకాడు.